రాజవిలాస టాకీసులో ఆడవాళ్ళ బెంచీ

దావణగెరెలో సినిమా హాలు ఎక్కడని ఇప్పటి పిల్లల్ని అడిగితే బైపాసు పక్కనున్న మాల్ వైపు చూపిస్తారు. అక్కడ మెట్లు వాటంతటవే పైకి పోతాయి. సినిమా మధ్యలో ఎవరూ ఈల వెయ్యరు, వేస్తే పక్కవాళ్ళు అదోలా చూస్తారు. పాత హాళ్ళ ఊసు వినాలంటే నెరిసిన తలని ఒకదాన్ని వెతుక్కోవాలి. రైల్వే గేటు దగ్గరి హాల్లో ఇప్పుడు సోఫాలమ్ముతున్నారు. పాత మార్కెట్టు వెనకదాన్ని కల్యాణ మంటపం చేశారు. ఒకప్పుడు తెర ఉన్న చోటే పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ కూర్చోబెడితే, ఊరు మళ్ళీ అటే మొహం పెట్టి కూర్చుంటోంది. బొరుగుల బట్టీల పక్కనున్న రాజవిలాస టాకీసుకు ఆపాటి అదృష్టం కూడా పట్టలేదు. మూతపడ్డాక బొరుగుల మూటలు దాచే గోడౌనయింది. ఎలకల బాధ పడలేక బట్టీలవాళ్ళూ వదిలేశారు. ఇప్పుడు దాన్ని పడగొట్టి షాపులు కడతారట. మర్నాడు పొద్దున్నే పొక్లెయిన్ వస్తుందని బజారంతా తెలిసిపోయింది.

ఆ కబురు హాలమ్మ చెవిన కూడా పడింది. హాలమ్మది బస్టాండు ఎదురుగా మిరపకాయ బజ్జీల బండి. యాభై దాటిన మనిషి, పెళ్ళి లేదు. అన్న కొట్రేశప్పతో కలిసి బట్టీల సందులోని పెంకుటింట్లో ఉంటుంది. కొట్రేశప్పకి భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. రాజవిలాస నడిచినన్నాళ్ళూ ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపింది ఆయనే. మూతపడ్డాక దాని తాళంచెవులు పెట్టుకుని కాపలా ఉన్నదీ ఆయనే.

పడగొట్టే కాంట్రాక్టరు మంచివాడో, మోత ఖర్చు తప్పించుకున్నాడో తెలీదు గానీ, లోపలున్న చెక్కా చెత్తా ఎవరిక్కావాలంటే వాళ్ళు పట్టుకుపొమ్మన్నాడు. పొద్దుటి నుంచీ జనం ఎగబడి లోపలి తలుపులు, ఫ్యాన్లు, చివరికి బుకింగు కిటికీ ఊచలు కూడా ఊడబెరుక్కుపోయారు. హాలమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది.

"అన్నా, నాకూ ఒక బెంచీ తెచ్చి పెట్టవా? బండి దగ్గర జనం నిలబడి తింటున్నారు."

"ఆ చెదపురుగులు తిన్న చెక్కలు నీకెందుకే? ప్లాస్టిక్కు స్టూళ్ళు కొనిస్తాలే."

"ఏళ్ళనించీ కొనిస్తూనే ఉన్నావు. ఆడవాళ్ళ బెంచీలు టేకువి అని నువ్వే చెప్పేవాడివి కదా?"

"అదంతా ఎప్పటి మాట..."

"నేను చూసుకుంటాలే. నువ్వు తాళం తీసి పెట్టు చాలు."

కొట్రేశప్ప కలుపుకున్న ముద్ద మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. చెల్లెలు ఏదైనా పట్టు పడితే కాదనడం ఆయనకి చేతకాదు. ఊళ్ళో అందరూ అదే అంటారు, చెల్లెలంటే కొట్రేశప్పకి ప్రాణమని.

నిజానికి హాలమ్మకి బెంచీ ఒక సాకు. ఆ హాల్లో, ఆ ఆడవాళ్ళ బెంచీ మీద, మళ్ళీ ఒక్కసారి కూర్చోవాలని ఆమెకి ఏళ్ళ తరబడి ఉంది. అది నేలమట్టమయ్యేలోపు కూర్చోవాలి. కూర్చుని, లేని మనిషిని ఒక్క ప్రశ్న అడగాలి. నన్ను వదిలేసి ఎలా వెళ్ళగలిగావే అక్కా, అని.

మిట్టమధ్యాహ్నం ఇద్దరూ మోపెడ్ మీద వచ్చారు. బట్టీల్లో వేడి ఇసక మీద బొరుగులు పేలుతున్న వాసన సందంతా కమ్ముకుని ఉంది. ఎండకి కళ్ళు తెరవలేకుండా ఉంది. కొట్రేశప్ప తాళం తీసి, తలుపు ఓరగా తెరిచి, వెనక్కి వచ్చి బండి పక్కన నిలబడ్డాడు.

"నువ్వు రావా?"

"బండి ఎవడైనా ఎత్తుకుపోతాడు."

"ఈ బండినా? తోసుకుపోలేక దొంగే తెచ్చి నీకప్పజెబుతాడు."

మామూలుగా అయితే నవ్వేవాడు. ఈసారి నవ్వలేదు. "తొందరగా వచ్చెయ్. ఆ ఎడంపక్క గోడవైపు పోకు. పాములున్నాయి," అన్నాడు.

హాలమ్మ ఒక చేతిలో ఫోను లైటు, ఇంకో చేతిలో బజ్జీల పొట్లంతో లోపలికి వెళ్ళింది. పొట్లం ఎందుకు కట్టుకొచ్చిందో ఆమెకే తెలీదు. చెయ్యి కట్టింది, అంతే.

సినిమా హాలుకి పగలూ రాత్రీ తేడా ఉండదు. రెండడుగులు లోపలికి వేసేసరికి బయట ఎండ ఉందన్న సంగతే అబద్ధమనిపించింది. చీకటి చల్లగా ఉంది. తడిసిన ఊక వాసన, ఎలకల వాసన, వాటి అడుగున ఎక్కడో పాత బీడీల వాసన. కుర్చీలన్నీ ఎప్పుడో పోయాయి. చిరిగిన తెర గుడ్డ ఒక మూల వేలాడుతోంది, దాని వెనక గోడ మాత్రం తెల్లగా ఉంది. ఎడమవైపు నడుమెత్తు పిట్టగోడ, దాని అవతల ఆడవాళ్ళ క్లాసు. బెంచీలన్నీ పోయాయి. గోడవారగా ఒక్కటే మిగిలింది. దాని కాళ్ళు సిమెంటులో పాతేసి ఉన్నాయి, అందుకే ఎవరూ పెకిలించలేకపోయారు.

ఆ బెంచీల మీద నంబర్లుండేవి కావు. ఎవరు ముందొస్తే వాళ్ళది చోటు. అందుకని ఆడవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. మధ్యలో లేచి వెళ్ళాలంటే తన చోట్లో ఎవర్నైనా కూర్చోబెట్టి వెళ్ళాలి. పిల్లనో, చెల్లెల్నో, చివరికి పక్కింటి ముసలమ్మనైనా సరే. చోటు ఖాళీగా కనిపిస్తే ఇంకొకరు కూర్చుంటారు, ఆ తర్వాత జుట్లు పట్టుకున్నా దక్కదు. ఆ చోట్ల కోసం జరిగిన యుద్ధాల ముందు తెర మీది ఫైటింగులు ఎందుకూ పనికిరావని మగవాళ్ళు వెక్కిరించేవారు.

ఇంకొక ముచ్చట కూడా ఉండేది. హాల్లో ఉన్నవాళ్ళకి ఇంటి నుంచి కబురొస్తే, అద్దం ముక్క మీద మసి పూసి, సూదితో పేరు గీసి తెర మీద వేసేవారు. సినిమా పక్కనే, వంకర అక్షరాలతో, ఫలానా వీధి ఫలానా వారు గేటు దగ్గరికి రావలెను అని పడేది. హాలు హాలంతా మెడలు తిప్పి, ఎవరు లేస్తారా అని చూసేది. కొడుకు పుట్టాడని కబురైతే ఈలలు మోగేవి. ఒకావిడైతే పాలు పొంగిపోతున్నాయని కోడల్ని అలా పిలిపించిందట. ఊరు నెలరోజులు నవ్వుకుంది.

హాలమ్మ బెంచీ మీద దుమ్ము చీరచెంగుతో తుడిచి కూర్చుంది.

అప్పుడు ఆమె చిన్నపిల్ల. అక్క నీలమ్మ ఆమెని మ్యాట్నీకి తీసుకొచ్చింది. అక్క జడలో కనకాంబరాలు, ఒళ్ళో బజ్జీల పొట్లం. సినిమా మంచి పట్టులో ఉండగా తెర మీద ఒక పేరు పడింది. హాలమ్మ చదువులో మొద్దు. అక్షరాలు కూడబలుక్కునేలోపే అది పోయింది. అక్క మాత్రం చదివింది. చదివి, నవ్వింది. ఆ నవ్వు హాలమ్మకి ఇప్పటికీ గుర్తే. పొట్లం ఆమె ఒళ్ళో పెట్టి, ఆమెని తన చోట్లోకి జరిపి, "కూర్చో హాలీ, ఇప్పుడే వస్తా," అని పక్కతలుపు తీసుకుని వెళ్ళింది.

ఆ తలుపు అవతల పొడుగాటి ఇరుకు సందు, పైన రేకులు, ఆ చివర వీధిలోకి ఇంకొక తలుపు. ఆడవాళ్ళు మగవాళ్ళ తొక్కిసలాట లేకుండా వచ్చీపోయే దారి అది. అక్క ఆ దారినే వెళ్ళింది. తిరిగి రాలేదు.

సినిమా అయిపోయింది. దీపాలు వెలిగాయి. అందరూ వెళ్ళిపోయారు. చోటు పోతుందన్న భయంతో హాలమ్మ కదల్లేదు. చివరికి అన్న వచ్చి, ఆమెని భుజానికెత్తుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. దారంతా ఏడుస్తూనే ఉన్నాడు. "మీ అక్క మనల్ని ముంచేసిందే. మిల్లులో పనిచేసే ఆ దురుగేశితో లేచిపోయింది," అన్నాడు. దురుగేశి కూడా ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరికీ కనబడలేదు. ఇంకేం కావాలి, ఊరు నమ్మింది. హాలమ్మ కూడా నమ్మింది.

ఆ తర్వాత ఆమెని చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ గుమ్మం దాకా వచ్చి, లేచిపోయినదాని చెల్లెలా అని వెనక్కి తిరిగారు. కొన్నాళ్ళకి రావడమే మానేశారు. తల్లీ తండ్రీ మొహం చాటేసుకుని బతికి, అలాగే పోయారు. మిగిలింది అన్న. అన్న ఒక్కడే ఆమెని ఏ రోజూ ఒక్క మాట అనలేదు. జ్వరమొస్తే పక్కన కూర్చున్నాడు, బజ్జీల బండి పెట్టించాడు. ఆయన పళ్ళెంలో అన్నం పెట్టినప్పుడల్లా, అక్క చేసిన అన్యాయానికి అన్న శిక్ష అనుభవిస్తున్నాడనుకుంటూ హాలమ్మ ఇంకో గరిటె ఎక్కువ వడ్డించేది. అక్కని తిట్టని రోజు లేదు. అక్క ఫోటో ఆమే చింపి పొయ్యిలో వేసింది.

"ఎలా వెళ్ళగలిగావే?" అంది ఇప్పుడు, పైకే. ఖాళీ హాల్లో ఆ మాట గోడకి తగిలి చిన్నదై తిరిగొచ్చింది.

 

ఫోను లైటు ఒకసారి రెపరెపలాడి ఆరిపోయింది. వచ్చిన తలుపు వైపు చూసింది. అక్కడ ఎండ గీత ఒకటి ఉండాలి. లేదు. గాలికి మూసుకుందేమో అనుకుంది. గాలి ఎక్కడిది...

లేద్దామనుకుంటుండగా వాసన వచ్చింది. ఊక వాసన కాదు, ఎలకల వాసన కాదు. కొబ్బరినూనె. అప్పుడే కోసిన పూలు.

ఒళ్ళో పొట్లం కాగితం గరగరలాడింది.

హాలమ్మ చేతులు రెండూ బెంచీ అంచుని పట్టుకుని ఉన్నాయి. పొట్లం మీద ఆమె చెయ్యి లేదు. అయినా కాగితం విడింది. మెల్లగా, చప్పుడు కానివ్వకూడదన్నట్టు. బజ్జీ ఒకటి విరిగింది. తర్వాత ఆమె చేతిలో ఏదో పెట్టారు. చూడక్కర్లేదు, వేళ్ళకే తెలిసింది. లోపలి మిరపకాయ తీసేసిన ఉత్త పిండి. చిన్నప్పుడు కారం తినలేదని అక్క అలాగే చేసేది. మిరపకాయ తను తిని, పైపిండి ఆమెకి పెట్టేది.

భయమెయ్యాలి. వెయ్యలేదు.

"అక్కా..."

"ష్... సినిమా చూడు."

వెనక, ఎత్తున, ప్రొజెక్టరు గది కన్నంలో వెలుతురు వచ్చింది. దుమ్ములోంచి తెల్లటి దారిలా సాగి గోడ మీద పడింది. బొమ్మ లేదు, ఉత్త తెలుపు. ఆ తెలుపులో, ఒక పక్కగా, వంకర అక్షరాలు నిలబడ్డాయి.

హాలమ్మకి ఇప్పుడు చదవడం వచ్చు. కూడబలుక్కోనక్కర్లేదు.

పిచ్చుకా, ఆడవాళ్ళ గేటు దగ్గరికి రావలెను.

నీలమ్మని ఊళ్ళో ఎవరూ అలా పిలిచేవారు కాదు. అమ్మ పిలవలేదు, నాన్న పిలవలేదు. పొద్దస్తమానం కిచకిచలాడుతుందని ఆ పేరు పెట్టింది ఒకే ఒక్క మనిషి.

"అన్న..." అంది హాలమ్మ.

"సాయం చేస్తానన్నాడు," పక్కనుంచి గుసగుస. "నాన్నని నేను చూసుకుంటా, నువ్వు బెంగ పెట్టుకోకే అన్నాడు. అంతా సిద్ధమయ్యాక తెర మీద ఆ పేరు వేయిస్తా, చూడగానే వచ్చెయ్ అన్నాడు. దురుగేశి బయట నిలబడి ఉంటాడన్నాడు."

"ఉన్నాడా? బయట?"

"బయటిదాకా నేనెక్కడొచ్చాను హాలీ..."

హాలమ్మ చీకట్లో ఆ గొంతు వైపు తిరిగింది.

"సందులో సగం దూరం నడిచాను. వెనక తలుపు గడియ పడింది. అన్నయ్యే వేశాడు. ముందు తలుపు దగ్గర..." గుసగుస ఆగింది. "ముందు తలుపు దగ్గర నాన్న ఉన్నాడు."

ఎడంపక్క గోడలోంచి చప్పుడు వచ్చింది.

దబ్. దబ్. అరచేతులతో తలుపు బాదుతున్న చప్పుడు. దాని వెనక ఒక గొంతు, అన్నా, అన్నా, తలుపు తియ్యి... అది మాటగా వినబడేలోపే గోడ మీది తెల్లటి వెలుతురు కదిలింది. హాలంతా ఒక్కసారి హోరుమంది. డప్పులు, గుద్దుల మోత, నేల క్లాసు నుంచి ఈలలు. ఫైటింగు. హాలమ్మకి ఆ ఫైటింగు గుర్తుంది. ఆ రోజు తను బెంచీ మీద నిలబడి మరీ చప్పట్లు కొట్టింది. గోడకి ఇవతల తను చప్పట్లు కొడుతుంటే, అవతల...

హోరు ఆగిపోయింది. అరచేతుల చప్పుడు కూడా ఆగిపోయింది.

తర్వాతి వారమే ఆ సందుని రెండు వైపులా ఇటకలతో మూసేశారు. పాములొస్తున్నాయని చెప్పారు. మూసేవాళ్ళకి అన్న ఇటకలందిస్తుంటే తను టీ పట్టుకెళ్ళి ఇచ్చింది. ఇప్పుడు అదంతా కళ్ళకి కట్టినట్టు కనబడింది. భుజం మీద ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్తూ ఆయన ఏడ్చిన ఏడుపు కూడా. ఆ చేతులే గడియ వేసి వచ్చాయి. ఆ చేతులతోనే తనని పెంచాడు. లేచిపోయినదాని చెల్లెలని జనం మొహం మీద తలుపులేస్తుంటే, నిజం తెలిసిన మనిషి పక్కనే కూర్చుని, పోనీలేవే, నీకు నేనున్నాగా అన్నాడు. ఆ మాటకి ఆమె జీవితమంతా మురిసిపోయింది. తన బతుకుని మింగినవాడికి తనే రోజూ అన్నం వండి పెట్టింది.

హాలమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. కోపమో దుఃఖమో ఆమెకే తెలీలేదు.

"నిన్ను తిట్టుకున్నానే అక్కా. నీ ఫోటో కూడా మిగల్చలేదు. నువ్వు ఎక్కడో పిల్లాపాపల్తో సుఖంగా ఉన్నావనుకుని కుళ్ళిపోయాను."

"తెలుసు."

"నీకు జరిగింది నాకైనా జరిగుంటే బావుండేది."

పక్కన ఊపిరి ఆగినట్టయింది. కాగితం గరగర కూడా ఆగింది.

"నిజంగానా?" అంది అక్క.

హాలమ్మ తల ఊపింది. ఏడుస్తూ ఊపింది, ఏం అడిగారో ఆలోచించకుండానే ఊపింది.

బయట నుంచి, చాలా దూరం నుంచి, కొట్రేశప్ప గొంతు వినబడింది. "హాలమ్మా! ఎంతసేపే! లోపల ఏం చేస్తున్నావ్?"

హాలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఒళ్ళంతా మండిపోతోంది. "ఉండు, ఆయన సంగతి చెప్తాను. నడిబజార్లో నిలబెట్టి అడుగుతాను," అని లేవబోయింది.

భుజం మీద చెయ్యి పడింది. తేలిగ్గానే ఉంది. కానీ లేవనివ్వలేదు.

"నువ్వు వద్దు. నువ్వడిగితే ఏడుస్తాడు, నువ్వు కరిగిపోతావు. నేను అడిగి వస్తా."

"నువ్వా?"

"నన్ను చూస్తే అబద్ధం చెప్పలేడు. ఒక్క నిమిషం. కానీ చోటు ఖాళీగా వదలకూడదు కదా హాలీ? కాస్త ఇటు జరుగు."

ఎన్నిసార్లు విన్న మాట అది. ఆ బెంచీ మీద పెరిగిన ఏ ఆడపిల్లయినా ఆ మాటకి ఆలోచించదు. పక్కావిడ లేస్తుంటే ఒళ్ళు దానంతటదే జరుగుతుంది. హాలమ్మ జరిగింది. జరిగిన చోట చెక్క చల్లగా, మంచు ముద్దలా ఉంది.

పూలవాసన ఆమె మొహం ముందు నుంచి దాటి వెళ్ళింది. పట్టీలు ఘల్లుమన్నాయి. చీకట్లో ఆ అడుగులు తడుముకోకుండా, తొందరగా, తలుపు వైపు నడిచాయి.

"హాలమ్మా!" అని మళ్ళీ కేకేశాడు కొట్రేశప్ప.

"వస్తున్నా అన్నా!"

ఆ జవాబు హాలమ్మ ఇచ్చింది కాదు. కానీ ఆ గొంతు ఆమెదే. నూనె పొగకి బొంగురుపోయిన ఆమె గొంతే. చివర చిన్న దగ్గు కూడా ఆమెదే.

తలుపు తెరుచుకుంది. ఎండ ఒక్క క్షణం లోపలికి దూసుకొచ్చింది. ఆ వెలుతురులో హాలమ్మ తన వీపుని చూసింది. తన ఆకుపచ్చ చీర, తన వంగిన భుజం, ఎడమకాలు కాస్త ఈడ్చే తన నడక. తన జుట్టు ముడి మాత్రం లేదు. నడుం దాకా జడ, జడ నిండా పూలు.

"అక్కా, ఆగు..." అంది. ఆ మాట పెదాలు దాటి రాలేదు. లేవబోయింది. కాళ్ళు నేలకి ఆనలేదు. కిందికి చాపింది. ఇంకా చాపింది. పాదాలు గాల్లో ఊగుతున్నాయి, చిన్నపిల్ల పాదాల్లా.

బయట మాటలు స్పష్టంగా వినబడ్డాయి.

"ఏదే బెంచీ?"

"వద్దులే అన్నా. అక్కడే ఉండనీ."

"చెప్తే విన్నావా మరి? ఊరికే ఎండలో నిలబెట్టావు." కొట్రేశప్ప ఆగాడు. "ఆ జడేంటే? పూలెక్కడివి?"

"లోపల పడున్నాయి. పద ఇంటికి. నీకు ఆకలేస్తోందేమో, ఏదైనా వండుతా."

"తాళం వెయ్యనీ."

"నేను వేస్తాలే. నువ్వు బండి తియ్యి."

తలుపు మూసుకుంది. ఎండ తెగిపోయింది. గడియ పడింది, దాని మీద తాళం పడింది. మోపెడ్ రెండుసార్లు దగ్గి అందుకుంది. దాని చప్పుడు బట్టీల సందులో సాగి సాగి, రోడ్డు మీద కలిసిపోయింది.

హాలమ్మ ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా వింది. ఒక్క నిమిషం అంది కదా, వస్తుంది అనుకుంది. ఆ అనుకోవడంలోనే ఆమెకి తెలిసిపోయింది. అక్క ఆ రోజు తనని వదిలి వెళ్ళలేదు. ఈ రోజు వెళ్ళింది.

అన్న చేసినదానికి వచ్చిన కోపం కూడా దీని ముందు ఎందుకో చిన్నదైపోయింది. అరవాలనుకుంది. అరిచి ఏం లాభం, గోడ అవతల ఎవరున్నారు? బెంచీ అంచుని పట్టుకుని, ఊగే కాళ్ళని ఒకదాని మీద ఒకటి వేసుకుని, తలుపు ఉండాల్సిన వైపే చూస్తూ కూర్చుంది. తెల్లారితే పొక్లెయిన్ వస్తుంది. ఇక్కడ తెల్లారిందని ఎలా తెలుస్తుందో...

చాలాసేపటికి ఆమెకి ఒక సంగతి అర్థమైంది. ఊపిరి చప్పుడు ఒకటి కాదు. తనది కాకుండా పక్కన ఇంకొకటి ఉంది. దాని పక్కన మరొకటి. బెంచీ ఈ చివర నుంచి ఆ చివరదాకా, ఒకరినొకరు ఒరుసుకుని, మనుషులు కూర్చుని ఉన్నారు.

పక్కనున్నామె మెల్లగా ఇటు తిరిగింది. పలకరించే గొంతుతో, ఎంతో జాలిగా అడిగింది.

"నిన్నెవరు కూర్చోబెట్టి వెళ్ళారమ్మా?"